చప్పుడు లేని బండి

బ్యాటరీతో నడిచే బగ్గీలను లారీ మీద నుంచి దించుతున్న రోజు మా అత్తమ్మ పూలబుట్ట చంకన పెట్టుకుని గేటు దగ్గరే నిలబడి చూసింది. వాటికి తలుపులు లేవు, అద్దాలు లేవు. పైన ఒక కప్పు, కింద తెల్లటి సీట్లు. ముందు రెండు వరుసలు రోడ్డు వైపు చూస్తాయి, వెనక వరుస మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది. మా ఆయన ఒకదాన్ని అటూ ఇటూ నడిపి, తల్లిని ఎక్కమన్నాడు. ఆమె రెండు చేతులతో కడ్డీ పట్టుకుని కూర్చుని, నీళ్ల ట్యాంకు దాకా వెళ్లి వచ్చింది. దిగాక, "ఎద్దులు లేని కచ్చురం లెక్కున్నది" అంది. అందరం నవ్వాం.

మేముండేది కల్వకుర్తికి ఇవతల, శ్రీశైలం రోడ్డు నుంచి కాస్త లోపలికి వేసిన ఫామ్‌హౌస్‌ల వెంచర్‌లో. తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు ఆ వైపు పత్తి చేన్లకు ప్రహరీ గోడలు లేచాయి. మా ఆయనకు అక్కడ సూపర్‌వైజర్ పని దొరికింది. గేటు పక్కనే రెండు గదుల ఇల్లు ఇచ్చారు. ఓనర్లు చాలామంది హైదరాబాద్‌లో ఉంటారు. శనివారం మధ్యాహ్నం నుంచి కార్లు వస్తాయి, ఆదివారం పొద్దు గుంకేసరికి వెళ్లిపోతాయి. మిగతా రోజుల్లో ఆ రోడ్ల మీద మేము, తోట పనివాళ్లు, నెమళ్లు తప్ప ఎవరూ ఉండరు.

ఇళ్లు దూరం దూరంగా ఉంటాయి. మెట్ట నేల కాబట్టి రోడ్డు కూడా ఎత్తు పల్లాలుగా పోతుంది. ట్యాంకు దగ్గర నుంచి గేటు దాకా మంచి దిగుడు, మధ్యలో క్లబ్ హౌస్ దగ్గర ఒక మలుపు. పెద్దవాళ్లు ఆ ఎత్తు ఎక్కలేకపోతున్నారని ఓనర్ల సంఘం బగ్గీలు తెప్పించింది. మా ఆయన గానీ, తోటమాలి గానీ నడపాలన్నది అప్పటి మాట. ఆ మాట కొద్ది వారాలే నిలిచింది. ఒకాయన, "తాళంచెవి ఇయ్యి, మేమే తీస్కపోతం" అన్నాడు. ఆయనకు ఇచ్చాక ఇంకొకరికి కాదనడం ఎలా? పెద్దల చేతిలోంచి అది పిల్లల చేతిలోకి పోయింది.

పిల్లల్లో అందరికంటే బాగా నడిపేది తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి. క్లబ్ హౌస్ ఎదురింటి వాళ్ల బిడ్డ. సన్నగా, పొడుగ్గా ఉండేది. నన్ను చూస్తే ఆగి, "ఎక్కుండ్రి ఆంటీ, దింపుత" అనేది. మంచి పిల్ల. కానీ ఆ బండి ఎక్కితే ఆమె ఊరికే ఉండలేదు. వెనక్కి తిరిగి ఉన్న సీట్లో చిన్న పిల్లలను కూర్చోబెట్టుకుని దిగుడులో వదిలేది. వాళ్లు కాళ్లు బయటికి ఊపుతూ కేరింతలు కొట్టేవాళ్లు. మలుపు దగ్గర ఆ కేరింతలు ఒక్కసారి ఆగిపోయేవి. మళ్లీ మొదలయ్యేదాకా వంటింట్లో నా చెయ్యి ఆడేది కాదు.

నా అసలు భయం ఆ పిల్లల గురించి కాదు. అత్తమ్మ గురించి.

ఆమెకు చెవులు మెల్లమెల్లగా పోయాయి. మొదట మేం చెప్పింది ఇంకోసారి చెప్పమనేది, తర్వాత మా పెదవుల వైపు చూడటం మొదలుపెట్టింది, ఆ తర్వాత అడగడం మానేసింది. మహబూబ్‌నగర్ తీసుకుపోయి చెవి మిషన్ పెట్టించాం. దాన్ని నాలుగు రోజులు పెట్టుకుని తీసి డబ్బాలో దాచింది. "గాలి చప్పుడు దప్ప ఏం ఇనబడ్తలేదు. తలకాయంత హోరు" అంది. మోత్కూర్ దగ్గర పుట్టిన మనిషి, పెళ్లయిన నాటి నుంచి చేను పనే. కూర్చోమంటే కూర్చోదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బుట్ట పట్టుకుని బయలుదేరి, ఇళ్ల ముందు గన్నేరు, నందివర్ధనం, మందారం కోసుకొచ్చేది. ఓనర్లు కూడా కోసుకోమనేవాళ్లు. వారమంతా తాళం వేసి ఉన్న ఇళ్ల ముందు పూలు ఎవరికి?

ఆమె నడిరోడ్డు మీద నడిచేది. అంచున నడవమని ఎన్నోసార్లు చెప్పాను. చెప్పడమంటే ఆమె ముందుకు పోయి, చేత్తో చూపించి, నోరు పెద్దగా తెరిచి చెప్పాలి.

"అంచుకు రోడ్డు వాలుగున్నది పిల్లా, మడమ తిరుగుతాంది" అనేది. నిజమే. వాన నీళ్లు పోవడానికి ఆ రోడ్డును అంచులకు వాల్చి వేశారు. ముసలి కాలికి మధ్యనే సాపుగా ఉంటుంది.

కారు వస్తే కనీసం నేల అదరడం ఆమెకు తెలిసేది. ట్రాక్టరైతే దూరం నుంచే పక్కకు జరిగేది. ఈ బగ్గీకి ఆ అదురు కూడా లేదు. అదెంత మెత్తగా వస్తుందో నాకే ఒకరోజు తెలిసింది. క్లబ్ హౌస్ వెనక దండెం మీద కర్టెన్లు ఆరేస్తున్నాను. బకెట్ దానంతట అదే నా కాలికి వచ్చి తగిలింది. తిరిగి చూస్తే బగ్గీ వెనక భాగం నా నడుముకు జానెడు దూరంలో ఉంది. నడుపుతున్నాయన మెడ తిప్పకుండానే వెనక్కి తీస్తున్నాడు. నాకు చెవులు బాగానే ఉన్నాయి. అయినా నాకేం వినిపించలేదు.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయనతో అన్నాను, "పిల్లల చేతికి బండి ఇయ్యకు. అవ్వ రోడ్డు మీద ఉంటది."

"నేనిస్తున్ననా? అడిగి తీస్కపోతున్నరు."

"ఆ పిల్ల నాయినకు చెప్పు మరి."

"చెప్పిన."

చెప్పాడు, నిజమే. ఆ అమ్మాయి తండ్రి చెడ్డవాడు కాదు. మా ఆయనకు జ్వరమొస్తే కారులో దవాఖానకు తీసుకుపోయిన మనిషి. ఆయన నవ్వి, "మన లోపలి రోడ్డే గదా తమ్మీ, పోలీసోడు వస్తడా? వారమంత ఫోన్ల తలకాయ పెడ్తది. గీడనన్న జర గాలికి తిరుగుతాంది, తిరగనీ" అన్నాడట.  చివరికి మా ఆయన ఒక బోర్డు రాయించి గేటు దగ్గర పెట్టాడు. లైసెన్స్ ఉన్నవాళ్లే నడపాలి, సీట్లకు మించి ఎక్కవద్దు, దిగుడులో మెల్లగా పోవాలి, చిన్నపిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టవద్దు. వచ్చిన వాళ్లందరూ ఆ బోర్డు ముందు నుంచే బగ్గీలో పోయేవాళ్లు.

శని, ఆదివారాలు నాకు భారంగా మారాయి. అత్తమ్మ బుట్ట తీయగానే చేతిలో పని వదిలి ఆమె వెనక నడిచేదాన్ని. ఆమెకు అది నచ్చేది కాదు. "నేనేమన్న తప్పిపోతనా?" అని విసుక్కునేది. ఒక ఎర్ర శాలువా కొని కప్పాను, దూరానికి కనబడాలని. చెమట పోస్తోందని తీసి గేటు మీద వేసిపోయింది.

"నువ్వు ఊకె ఫికర్ జేస్తవ్" అనేవాడు మా ఆయన. కానీ ఆదివారాలు ఆయన కూడా మాటిమాటికీ రోడ్డు వైపు చూడటం నేను గమనించాను.

ఆ ఆదివారం ఎవరింట్లోనో విందు. కార్లు చాలా వచ్చాయి. బోరు మోటారు కాలిపోయిందని మా ఆయన పొద్దున్నుంచి అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక నేను చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. అత్తమ్మ లోపలి గదిలో పడుకుని ఉందనుకున్నాను. చేతులు కడుక్కోవడానికి లేచి చూస్తే మంచం ఖాళీగా ఉంది. బుట్ట పెట్టే మేకు కూడా ఖాళీ.

బయటికి వచ్చాను. ఆమె మలుపుకు కాస్త ఇవతల ఉంది. వీపు ఎత్తు వైపు, ముఖం గేటు వైపు. రోడ్డు మధ్యలో నడుస్తూ, అప్పుడప్పుడు పక్కకు వంగి గన్నేరు కొమ్మ అందుకుంటోంది. ఆమె నాకు క్షేమంగా కనిపించింది కాబట్టి ఒక ఊపిరి తీసుకున్నాను. అప్పుడే మలుపు వెనక నుంచి బగ్గీ వచ్చింది.

ఆ అమ్మాయే నడుపుతోంది. పక్కన ఒక పిల్ల, వెనక ఇద్దరు. గడ్డికి పెట్టిన నీళ్లు పొంగి రోడ్డుకు అడ్డంగా పారుతున్నాయి. అమ్మాయి హారన్ కొట్టింది. ఆ హారన్ కూడా సైకిల్ గంట కంటే పెద్దదేమీ కాదు. అత్తమ్మ కదల్లేదు. మళ్లీ కొట్టింది. నేను "అత్తా" అని అరిచాను. నా అరుపు ఆమెకు అందదని తెలిసే అరిచాను, పరుగు తీశాను. నాకూ ఆమెకూ మధ్య చాలా దూరముంది.

బగ్గీ ముందు చక్రాలు తడి మీద జారడం చూశాను. అమ్మాయి స్టీరింగును ఒక్కసారిగా పక్కకు తిప్పింది. బండి రోడ్డు అంచు రాయి ఎక్కి, ఒక చక్రం పైకి లేచి, క్రోటన్ మొక్కల మీద పక్కకు ఒరిగి పడింది. వెనక కూర్చున్న పిల్లల్లో ఒకతె గడ్డి మీద, ఇంకొకతె రాయి మీద పడింది.

అత్తమ్మ అప్పటికి ఒక కొమ్మ వదిలి ఇంకో కొమ్మ పట్టుకుంది. పూలు చూసి చూసి కోస్తోంది. ఆమె వీపు వెనక ఏం జరిగిందో ఆమెకు తెలియదు. నేను జుట్టు విడిపోయి, చెప్పులు లేకుండా ఆమె పక్క నుంచి పరుగెత్తినప్పుడు నా ముఖం చూసి వెనక్కి తిరిగింది. బుట్ట చేతిలోంచి జారింది.

రాయి మీద పడిన పిల్లకు అయిదేళ్లుంటాయి. నుదుటి మీద నుంచి నెత్తురు కంట్లోకి కారుతోంది. ఏడవడం లేదు. అది చూసి నేను అక్కడే నిలబడిపోయాను. అత్తమ్మ నా కంటే ముందే నేల మీద చతికిలపడి, పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, కొంగు ముద్ద చేసి గాయం మీద గట్టిగా అదిమింది. అప్పుడు పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నేను కదలగలిగాను. అమ్మాయి చెయ్యి బండి కడ్డీ కింద ఇరుక్కుంది. విందులో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చి బండిని ఎత్తారు. మిగతా ఇద్దరు పిల్లలు గీరుకుపోయిన మోకాళ్లతో లేచి నిలబడ్డారు. అమ్మాయి ముఖం సున్నంలా పాలిపోయింది. "చిన్నదానికేమైంది ఆంటీ?" అని ఒకటే అడుగుతోంది.

ఆమె తండ్రి వచ్చాడు. బిడ్డ మణికట్టు వంగిన తీరు చూశాడు, నెత్తురుతో తడిసిన చిన్నపిల్లను చూశాడు. తర్వాత అత్తమ్మ వైపు తిరిగి, "గీ ముసలామె రోడ్డు నడుమ ఎందుకున్నది?" అన్నాడు.

అత్తమ్మ ఆయన పెదవుల వైపు చూస్తోంది. ఆమె ఆ మాట చదవగలిగిందో లేదో ఆ క్షణంలో నాకు తెలియలేదు.  పిల్లలను కారు ఎక్కించాలి ముందు.

మా ఆయన మోటారు నూనె చేతులతోనే వాళ్ల వెంట కల్వకుర్తి దవాఖానకు పోయాడు. నేను అత్తమ్మ చీర మార్పించాను.  నా ఫోన్ మోగుతూనే ఉంది, కానీ ఆయన ఫోన్ కాదు. ఓనర్ల వాట్సాప్ గ్రూపులో మా ఆయన ఉంటాడు. పనుల ఫొటోలు పంపడానికి నన్ను కూడా చేర్పించాడు. అందులో ఒక్కొక్కరూ రాస్తున్నారు. సూపర్‌వైజర్ తల్లి అడ్డమొచ్చిందట. స్టాఫ్ ఇంటి మనుషులను రోడ్ల మీద ఎందుకు తిరగనిస్తున్నారు? ఆమెకు మతి సరిగా లేదట. చదువుతూ పోయాను, ఆపలేకపోయాను. పిల్లకు ఏమన్నా అయితే? మా ఆయన పని పోతే? చెవులు వినబడని మనిషిని తీసుకుని ఏ ఊరు పోవాలి? ఇలా ఒకదాని వెంట ఒకటి. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి, నాకు వాసన కూడా రాలేదు.

చీకటి పడ్డాక ఫోన్ వచ్చింది. "చిన్నపిల్లకు కుట్లు ఏసిన్రు. తలకు స్కానింగ్ తీసిన్రు, భయం లేదన్నరు" అన్నాడు మా ఆయన. "పెద్దపిల్లకు ఎముక ఇరిగింది. హైదరాబాద్ తీస్కపోతున్నరు."

"ఆ సార్ ఏమన్న అన్నడా?"

"ఏమనలే. నాతోని మాట్లాడ్తనే లేడు" అన్నాడు.

తర్వాతి ఆదివారం క్లబ్ హౌస్‌లో మీటింగ్ పెట్టారు. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరమూ సరిగా తినలేదు. మీటింగ్‌కు ముందు ఆ అమ్మాయి మా గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతికి పిండికట్టు, మెడకు వేలాడదీసిన పట్టీ. వెనక తండ్రి ఉన్నాడు. ఆయన లోపలికి రాలేదు, గేటు దగ్గర ఆగాడు.

"అవ్వ ఉన్నదా ఆంటీ?" అంది.

అత్తమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. అమ్మాయి ఆమె ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, నేను చేసినట్టే నోరు పెద్దగా తెరిచి, "సారీ అవ్వా" అంది. అత్తమ్మ కట్టు ఉన్న చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుని నిమిరింది. "నొప్పి లేస్తున్నదా బిడ్డా?" అని అడిగింది. అమ్మాయి తల ఊపింది.

తర్వాత నా వైపు తిరిగి, "మా డాడీ నేను చెప్తే ఇంటలేరు ఆంటీ" అంది. ఆయనకు వినబడేలాగే చెప్పింది. "అవ్వకు ఇనబడదని నాకు ఎరుకే. అయినా హారన్ కొట్టుకుంటనే వచ్చిన, పక్కకు జరుగుతదని. బ్రేకు ఎంత ముందుగాల తొక్కాల్నో నాకు తెల్వలే. ఎవ్వరు నేర్పలే."

ఆయన గేటు మీద చెయ్యి వేసుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. "నడువు బిడ్డా, అందరు వచ్చిన్రు" అన్నాడు.

మీటింగ్‌లో నేను చాయ్ అందిస్తూ గోడ పక్కన ఉన్నాను. స్టాఫ్ ఇంటివాళ్లు లోపలి రోడ్ల మీద నడవకూడదని రాసుకుందామని ఒకాయన అన్నాడు. మా ఆయన చేతులు కట్టుకుని ముఖం కిందికి వేసుకున్నాడు.  అప్పుడు అమ్మాయి తండ్రి లేచాడు.

"నడిచెటోళ్లను ఆపుడేంది? రోడ్డు నడుసుటందుకే. బండి ఇచ్చింది నేను. నా బిడ్డకు లైసెన్స్ వయసు రాలేదని నాకు తెల్వదా? తెలుసు" అన్నాడు. అంతే చెప్పి కూర్చున్నాడు.  అందరూ ఒప్పుకున్నారని చెప్పలేను. కానీ స్టాఫ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అది మొదలు తాళంచెవులు మా ఇంట్లో ఉంటున్నాయి. మెకానిక్ వచ్చి బండ్ల వేగం తగ్గించి బిగించిపోయాడు. వెనక సీటుకు గొలుసు కట్టారు, సామాన్లకు తప్ప వాడరు. ఇక నడపడానికి ఒక మనిషి కావాలి. తోటమాలికి తోట పనే సరిపోతుంది. మా ఆయన ఒకరోజు నన్ను అడిగాడు, "నువ్వు నేర్చుకుంటవా?" అని.

ఆ బండి పేరు వింటేనే అరచేతుల్లో చెమట పట్టే మనిషిని ఆయన ఎలా అడిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అడిగితే, "నువ్వు భయపడ్తవు గద, గందుకే" అన్నాడు. ఖాళీ రోజుల్లో ఖాళీ రోడ్ల మీద నేర్చుకున్నాను. మహబూబ్‌నగర్‌లో కారు నేర్పేవాళ్ల దగ్గర చేరి లైసెన్స్ కూడా తీసుకున్నాను. పరీక్ష రోజు నా వెనక కూర్చున్న ఆఫీసరు, "అమ్మా, ఇంకాస్త జోరుగ పోవచ్చు" అన్నాడు.

అత్తమ్మ మాత్రం ఆ తర్వాత రోడ్డు మీదికి పోలేదు. రోడ్డు నడుమ ఎందుకున్నదని ఆ సార్ అన్న మాటను ఆమె ఆయన పెదవుల మీద నుంచి చదివిందని అప్పుడు నాకు అర్థమైంది. బండ్లు తిరగని రోజున, నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోతానన్నా రాలేదు.

"ఎనుకట ఇనబడకపోయినా నాకు భయం లేకుండె పిల్లా" అంది ఒకసారి. "ఇప్పుడు మాటిమాటికి ఎన్కకు మర్రి చూసుకుంట నడ్వాలె. గట్ల నడుసుడు నాతోని గాదు."

ఇంటి వెనక ఉన్న కొద్దిపాటి జాగాలో మా ఆయన మూడు గన్నేరు కొమ్మలు నాటాడు. అవి బతికాయి. ఆమె వాటికి నీళ్లు పోస్తుంది. కానీ పొద్దున బుట్ట చేతికి తీసుకునే వేళకు ఆమె ముఖంలో ఏదో తడబాటు కనిపిస్తుంది, ఎటు పోవాలో మరిచిపోయినట్టు. ఆ పిల్లలు పడ్డారు, లేచారు, కుట్లు మానాయి. ఈమెకు తగిలిన దెబ్బను మాత్రం ఏ దవాఖానలో చూపించాలో మాకు తెలియలేదు.

నేను ఇప్పటికీ బండి నడుపుతున్నాను. దిగుడులో నా కాలు బ్రేకు మీదే ఉంటుంది. పెద్దవాళ్లు కడ్డీ పట్టుకుని కూర్చునేదాకా కదలను, పూర్తిగా ఆగేదాకా దిగనివ్వను. కొందరు ఓనర్లు గడియారం చూసుకుంటారు. ఎవరి పిల్లయినా చెయ్యి బయటికి చాపితే బండి ఆపి లోపలికి పెట్టిస్తాను. రాత్రి తాళంచెవులు మేకుకు తగిలించాకే నా భుజాలు కిందికి దిగుతాయి.

మొన్న సెలవులకు ఆ అమ్మాయి వచ్చింది. ఇంటర్‌లో చేరిందట, ఎత్తు పెరిగింది. ట్యాంకు దగ్గర ఆపి ఎక్కి, నా పక్కన కూర్చుంది. మణికట్టు బాగానే అతికింది కానీ పూర్తిగా తిరగదని, రాసేటప్పుడు కాగితాన్నే తిప్పుకుంటానని చెప్పింది. దిగుడు మొదలవగానే మాట ఆపి కడ్డీ పట్టుకుంది. 

"ఆంటీ," అంది మలుపు దాటాక, "లైసెన్స్ వయసు వచ్చినంక నాకు మీరు నేర్పిస్తరా?"

 గేటు లోపలికి నీళ్ల ట్యాంకర్ తిరుగుతోంది. దానికి దారి ఇవ్వాలి. బండిని మెల్లగా అంచుకు తీసి, పూర్తిగా ఆపాను. "ముందుగాల ఆపుడు నేర్పుత" అన్నాను.